కోరుట్ల తాటివనంలో లచ్చవ్వ వంతు

మా తెనాలిలో నన్ను పాతచింతకాయ పచ్చడి అంటారు. మొహం మీద అనరు, వెనకే అంటారు, కానీ నాకు వినపడేటట్టు అంటారు. డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ సంప్రదాయవాదం అనే అధ్యాయాన్ని ఇష్టపడి చెప్పింది మా డిపార్టుమెంటులో నేనొక్కదాన్నే. మిగతావాళ్లు దాన్ని పరీక్షల ముందు హడావుడిలో, 'మార్పును వ్యతిరేకించువారు' అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. రిటైరయ్యాక ఆ మంటతోనే ఒక చిన్న పుస్తకం రాశాను. అమ్ముడుపోయినవి తక్కువ, పెళ్లిళ్లలో పంచిపెట్టినవి ఎక్కువ.

అలా పంచిన వాటిలో ఒకటి చేతులు మారి జగిత్యాలలో గంగాధర్ అనే లెక్చరర్ దగ్గరికి చేరింది. వచ్చి మా పిల్లలకు మాట్లాడండి, తర్వాత కోరుట్ల పక్కన మా ఊళ్లో ఒక ఆచారం చూపిస్తాను, మీ పుస్తకంలో రాసినదంతా అక్కడ బతికి ఉంది అని ఫోన్ చేశాడు. అక్కడిదాకా వెళ్తే సిరిసిల్ల మగ్గాలు కూడా చూడొచ్చని నేను అనుకున్నాను. మూడు ఊళ్లు, మూడు రోజులు. వెళ్లొచ్చాక అందరూ ఎలా ఉందని అడుగుతున్నారు. తీయగా చెప్పే ముచ్చట కాదు కాబట్టి చేదుగానే రాస్తున్నాను.

జగిత్యాల

హోటల్లో ఇడ్లీకి పల్లీ చట్నీ ఇచ్చారు, అల్లం పచ్చడి అడిగితే వింతగా చూశారు. నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, చట్నీ అడిగినంత. మా ఊళ్లో రెండోసారి చట్నీ అడిగితే సర్వరు మొహం మాడ్చుకుంటాడు. ఇక్కడ వడ్డించే ఆయన తనంతట తానే వచ్చి, "ఇంకా ఎయ్యాల్నా మేడం? నువ్వు సక్కగ తింటలేవు" అన్నాడు. మేడం అంటూనే నువ్వు అనడం మొదట చెవికి గుచ్చుకుంది. సాయంత్రానికి అర్థమైంది, ఆ నువ్వులో చిన్నచూపు లేదు. మావైపు మీరు అంటూనే మనిషిని గడప అవతల నిలబెట్టగలం.

కాలేజీలో పిల్లలు బాగానే వచ్చారు, అటెండెన్స్ వేస్తామన్నారట. నా మాటలు నేను చెప్పాను. మా అమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ వాసెన కట్టేది, తడిచెయ్యి తగలనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే ఆమెకు చెప్పడం వచ్చేది కాదు, మా అత్త అలా చేసేది అనేది. చెప్పలేకపోయినంత మాత్రాన అది మూఢనమ్మకం కాదు. ఎన్ని జాడీలు బూజు పట్టాక ఆ అలవాటు పుట్టిందో మనకు తెలియదు, అంతే. సంప్రదాయవాదం అంటే ముందు ఆ వినయం. మన ఒక్క బుర్రకంటే తరాల అనుభవం పెద్దదని ఒప్పుకోవడం. మనిషి లోపాలున్నవాడు కాబట్టి, కాగితం మీద లోపం లేని లోకాన్ని గీసి చూపించేవాణ్ణి అనుమానించడం. ఇల్లు, కులసంఘం, వీధి, గుడి, మసీదు లాంటి చిన్న చిన్న గూళ్లను కాపాడుకోవడం, ఎందుకంటే అవి కూలితే మనిషికీ ప్రభుత్వానికీ మధ్య ఏమీ మిగలదు. పూర్వులు ఇచ్చినదాన్ని మన సొత్తులా ఖర్చు పెట్టెయ్యకుండా, పుట్టబోయేవాళ్ల పేరున దాచినట్టు చూసుకోవడం. మార్చాల్సి వస్తే కూలగొట్టకుండా మరమ్మతు చెయ్యడం.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచి, "గట్లైతే మీది ఏ పార్టీ మేడం?" అని అడిగింది. ఏ పార్టీ కాదన్నాను. సంప్రదాయం పేరు చెప్పుకొనే పార్టీలకు నేను చెప్పిన ఓపికా లేదు, వినయమూ లేదు అన్నాను. "మరి గిది చదివి ఏం చెయ్యాలె?" అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ లోపల చివుక్కుమంది.

మధ్యాహ్నం కోట చూడబోయాను. నక్షత్రంలా కోణాలు తిరిగిన గోడలు, చుట్టూ కందకం. గోడ ఎక్కి దిగేటప్పుడు చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో బజారుదాకా నడిచి, హమీద్ అనే ఆయన దుకాణంలో కూర్చున్నాను. ఆయన లోపలికి తిరిగి ఉర్దూలో చాయ్ చెప్పి, నాతో తెలుగులోకి వచ్చేశాడు. ఏం పని మీద వచ్చావని అడిగితే చెప్పాను.

"అంటే పాతదాన్ని కాపాడాల్నంటవ్. మంచిగనే ఉన్నది మేడం," అన్నాడు, పట్టీ కుడుతూ. "గని పాతదంటే ఎన్నటి పాతది? మా గల్లీల పెద్దమనుషులు నలుగురుంటరు. ఒక్కొక్కరు ఒక్కొక్క కాలం చెప్తరు. ఎవ్వలకు ఏ కాలం కలిసొస్తే గదే పాతకాలం."

నేను ఏదో పుస్తకం జవాబు చెప్పాను. ఆయన మర్యాదగా తల ఊపి, చెప్పుకు ఇరవై రూపాయలు తీసుకున్నాడు. చాయ్‌కి తీసుకోలేదు.

కోరుట్ల

గంగాధర్ ఇల్లు కోరుట్లలోనే. పొద్దున్నే వాళ్లావిడ సర్వప్ప చేసింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుక్కి అదిమి కాలుస్తారు. మా వైపు తపేలచెక్క అంటాం, కానీ ఇంత కారం వేస్తే మా పిల్లలు ఏడుస్తారు. రెండు తిన్నాను, మూడోది కూడా తినేదాన్నే, సిగ్గుపడ్డాను.

తర్వాత వాళ్ల సొంత ఊరికి ఆటోలో తీసుకెళ్లాడు. వాళ్లది కల్లుగీసే కుటుంబం. అతని పెద్దనాన్న నర్సయ్య అక్కడి గీతకార్మికుల సంఘానికి పెద్ద. తెల్లటి ధోవతి, భుజాన తువ్వాలు, మాట నెమ్మది. నన్ను తాటివనంలోకి నడిపించి, ఆ ఆచారం ఏమిటో చెప్పాడు.

ఊళ్లో గీతకు వచ్చే తాటిచెట్లన్నీ సంఘానివి. ఏటా గీత మొదలయ్యే ముందు చెట్ల నంబర్లు రాసి చిట్టీలు వేసి పంచుకుంటారు. ఎక్కేవాడు చనిపోతే అతని పేరు కొట్టెయ్యరు. ఆ వంతు భార్యకు ఉంటుంది. పక్క చెట్లు గీసేవాడు ఆమె చెట్లు కూడా ఎక్కి, దిగిన కల్లులో సగం ఆమెకు ఇస్తాడు.

"మా బాపు చెట్టు మీదికెల్లి పడి సచ్చిపోయిండు. నేను అప్పుడు ఇంత ఉన్న," అని నర్సయ్య మోకాలి ఎత్తు చూపించాడు. "మా అవ్వ గీ వంతు మీదనే నన్ను సాదింది. ఎవ్వల ముంగట చెయ్యి చాపలే. నేను గీ సంఘానికి పెద్దనైనంటే గా చెట్ల పుణ్యమే మేడం."

ఆ తల్లిని తలుచుకుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లు బోర్డు మీద సుద్దముక్కతో రాసినది నా ముందు ఆకులు ఊపుతూ నిలబడింది. ఏ చట్టమూ ఇవ్వలేదు, ఏ పథకమూ పెట్టలేదు. చెట్టు ఎక్కే ప్రతివాడికీ తన ఇల్లాలు రేపు ఒంటరిదవుతుందేమో అన్న భయం ఉంటుంది. ఆ భయాన్ని అందరూ కలిసి పంచుకున్నారు. నా పుస్తకానికి రెండో ముద్రణ వేస్తే ముందుమాట ఇదే అనుకున్నాను.

"ఇప్పుడు గదే తీసెయ్యాల్నంటున్నరు పొల్లగాండ్లు. ఇయ్యాల మీటింగుల తేల్తది. నువ్వు నాలుగు మాటలు చెప్పాలె," అన్నాడు నర్సయ్య. ఎంతమంది ఆడవాళ్లకు ఉంది ఈ వంతు అని అడిగాను. ఇప్పుడు లచ్చవ్వ ఒక్కతే అన్నాడు.

సంఘం గది

సంఘానికి కొత్త భవనం ఉంది. టైల్స్, ఫ్యాన్లు, పొడవాటి బల్ల. నన్ను ఆ బల్ల నడుమ కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ముప్ఫైమంది దాకా మగవాళ్లు. తలుపు బయట, చెప్పులు విడిచిన చోట, నలభై దాటిన ఒకావిడ కొంగు భుజం చుట్టూ తిప్పుకొని నిలబడి ఉంది. ఆవిడే లచ్చవ్వ అని గంగాధర్ నా చెవిలో చెప్పాడు.

శ్రీకాంత్ అనే యువకుడు ముందు మాట్లాడాడు. చెడ్డవాడేం కాదు. రోజూ చెట్టెక్కేవాడు, అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. "పానం మీదికి తెచ్చుకొని ఎక్కేది మేము. ఇంట్ల కూసున్నోళ్లకు సగమెందుకు? ఎక్కినోడిదే చెట్టు. సర్కారు పింఛన్ ఇస్తున్నది గద," అన్నాడు. కొందరు తలలూపారు.

నేను లేచాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. పింఛను ప్రభుత్వం ఇస్తుంది, ప్రభుత్వమే ఆపుతుంది, ఈ వంతును ఆపే చెయ్యి ఏదీ లేదు అన్నాను. మీ ముత్తాతలు ఆకలి చూసి, తప్పు చేసి, దిద్దుకొని దీన్ని మీ చేతుల్లో పెట్టారు, మీ మనవలకు అందించే వరకూ మీరు కాపలాదారులే అన్నాను. ఎందుకు ఉందో పూర్తిగా తెలుసుకోకుండా తాతలనాటి దాన్ని ముట్టుకోకండి అన్నాను. చప్పట్లు మోగాయి. శ్రీకాంత్ కూడా, "సరే, ఉండనియ్యుండ్రి," అని కూర్చున్నాడు. వంతు నిలబడింది. నేను గెలిచాను.

అప్పుడు నర్సయ్య చిట్టీల చెంబు బల్ల మీద పెట్టాడు. తలుపు దగ్గర నుంచి లచ్చవ్వ గొంతు వచ్చింది.

"మామా, నేను లోపటికస్త. నా చిట్టీ నేనే తీసుకుంట."

"ఆడోళ్లు లోపటికచ్చి కూసునుడు మనకాడ లేదు బిడ్డా. నీది మేమే తీస్తం గద," అన్నాడు నర్సయ్య.

"నిరుడు సుత మీరే తీసిండ్రు. తీసినంక మీలో మీరు చెట్లు మార్చుకుంటిరి. కల్లు పారే చెట్లన్ని గదిల ఉన్నోళ్లకు పోయె. పారనియి నాకు మిగిలె. గా చెట్లు ఎవ్వలెక్కిండ్రు? యాడాదంత ఒక్క లొట్టి కల్లు రాలే నాకు."

గదిలో ఎవరూ కాదనలేదు. ఇక్కడి పద్ధతి నాకు అప్పుడు తెలిసింది. చిట్టీలు విప్పాక, దగ్గర దగ్గర చెట్లు ఉండేట్టు ఒకరితో ఒకరు మార్చుకుంటారు. అది తప్పేమీ కాదు, అవసరమే. కాకపోతే మార్చుకోవాలంటే మనిషి గదిలో ఉండాలి. లేని మనిషికి అందరూ వద్దన్నవి చేరతాయి. ఎవరూ మోసం చెయ్యలేదు, ఆమెకు మాత్రం కల్లు రాని చెట్లే మిగిలాయి.

"మేడం లోపట కూసున్నది గద?" అంది లచ్చవ్వ.

"మేడం మెహమాన్, మన సుట్టం," అన్నాడు నర్సయ్య. నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "మేడం ఇప్పుడే చెప్పింది. తాతలనాటి దాన్ని ముట్టొద్దని."

నా మాట నాకే చెంపదెబ్బలా తగిలింది. లేచి నిలబడ్డాను. నేను చెప్పినదాంట్లో ఇది సగమే అన్నాను. ఆచారాన్ని నిలబెట్టాలంటే అవసరమైన చోట దాన్ని మరమ్మతు చెయ్యాలి, ఒక ఇల్లు పస్తు ఉండకూడదనే కదా ఈ వంతు పుట్టింది, కల్లు రాని చెట్టు ఇచ్చి వంతు ఇచ్చామంటే పూర్వులను మోసం చేసినట్టు అన్నాను. ఈసారి చప్పట్లు లేవు.

శ్రీకాంత్ నవ్వాడు. "మార్చచ్చంటవా మేడం? మరి మేము మార్చుతమంటే ఎందుకొద్దంటివి?"

మార్పుకూ మరమ్మతుకూ తేడా చెప్పబోయాను. మాటలు ముద్దలుగా వచ్చాయి. ముసలివాళ్లు మొత్తం ఉంచాలంటున్నారు, కుర్రవాళ్లు మొత్తం తీసెయ్యాలంటున్నారు. నడుమ నిలబడి చూసి చూసి మార్చుకుందాం అనేవాళ్లకు ఏ గదిలోనూ మనుషులు ఉండరు.

అప్పుడు లచ్చవ్వ ఒక అడుగు ముందుకు వచ్చింది. గడప దాటలేదు.

"తాతలనాటిది అంటున్నవ్ గద మామా. నేను కొత్త కోడలుగ అచ్చినప్పుడు చిట్టీలు ఏడ ఏస్తుండిరి? తాళ్లల్ల, తాటిచెట్ల కింద. మీ అవ్వ గాడనే నిలవడి తన చెట్లు తనే చూసి మార్చుకుంటుండె. నేను చూసిన. గీ బిల్డింగ్ కట్టినంకనే గద గీ తలుపు అచ్చింది?"

ఎవరో దగ్గారు. తాతల కాలం నుంచి ఆడవాళ్లు లోపలికి రారని వాళ్లు చెప్పిన ఆచారం వయసు ఆ సిమెంటు వయసే. నిన్న హమీద్ అడిగిన ప్రశ్న నాకు అప్పుడు తలకెక్కింది. ముసలివాళ్లందరికీ ఆ సంగతి తెలుసని వాళ్ల మొహాల్లోనే కనిపించింది. నేను నర్సయ్య వైపు ఆశగా చూశాను. ఆయన తల్లి మాట వచ్చింది కదా, ఇప్పుడైనా లేచి ఆమెను లోపలికి పిలుస్తాడు అనుకున్నాను.

ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. "అప్పుడు గది లేకుండె," అన్నాడు చివరికి. "ఇప్పుడున్నది." చెంబులో చెయ్యి పెట్టాడు.

మార్పిళ్లు అయ్యాక లచ్చవ్వకు మళ్లీ వాగు అవతల పారని చెట్లే మిగిలాయి. నాకు కోడికూరతో భోజనం పెట్టారు. పచ్చిపులుసు బాగుందని అందరూ అన్నారు. నాకు ఏ రుచీ తెలియలేదు. గంగాధర్ నా కళ్లలోకి చూడకుండా వడ్డించాడు.

సిరిసిల్ల

మర్నాడు కోరుట్లలో బస్సెక్కితే, చేతిసంచీతో లచ్చవ్వ కనిపించింది. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పనిచేసే బిడ్డ స్వరూప దగ్గరికి పోతోంది. నేను పక్కన కూర్చున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె సంచీలోంచి మక్కగారెలు, అంటే మొక్కజొన్న గారెలు, తీసి పెట్టింది. వేములవాడ దాకా ఆమె తన బిడ్డ గురించి, నేను మా తెనాలి గురించి మాట్లాడుకున్నాం. చెట్ల ఊసు ఇద్దరమూ ఎత్తలేదు.

సిరిసిల్లలో బస్సు దిగి సందుల్లోకి వెళ్తే ముందు చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ఇంటింటా మరమగ్గాల మోత. మా మంగళగిరి వైపు చేతిమగ్గం ఉన్న ఇంట్లో మాట వినపడుతుంది. ఇక్కడ పక్కపక్కన కూర్చున్నవాళ్లు చేతులతో మాట్లాడుకుంటున్నారు. అరగంటకు నేనూ సైగలు మొదలుపెట్టాను, తప్పు సైగ చేసి రెండుసార్లు మంచినీళ్లు తెప్పించుకున్నాను.

స్వరూప మగ్గాలకు కండెలు చుడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి వెళ్లే చిన్న పుల్లకు దారం చుట్టే పని. ఎన్ని చుడితే అంత కూలి. లచ్చవ్వ సంచీ పక్కన పెట్టి, బిడ్డ పక్కన కూర్చొని తనూ మొదలుపెట్టింది. ఎన్నాళ్లు ఉంటావని బిడ్డ అడగలేదు.

నా ఫోన్ మోగింది. గంగాధర్ ఒక ఫొటో పంపాడు. సంఘం భవనం ముందు ఫ్లెక్సీ కట్టారు. శాలువాతో నా బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో 'తాతలనాటి దాన్ని ముట్టుకోకండి'. దానికి ముందున్న 'ఎందుకు ఉందో పూర్తిగా తెలుసుకోకుండా' అన్న ముక్క ఫ్లెక్సీలో పట్టలేదు కాబోలు. నాకు పట్టలేనంత కోపం వచ్చింది. నేను అనని మాటలు నా నోట్లో పెట్టి ఉంటే ఖండించేదాన్ని. ఇవి నావే.

కాసేపటికి లచ్చవ్వ ఫోన్ మోగింది. కరెంటు పోయి మగ్గాలు ఆగి ఉన్నాయి. స్పీకరులో నర్సయ్య గొంతు నాకూ వినపడింది. ఆ గొంతులో నిన్నటి పెద్దరికం లేదు.

"బిడ్డా, ఇంటికి రా. నాకు రాత్రంత నిద్ర వట్టలే. నా చెట్లకెల్లి దినాం ఒక లొట్టి నీకు పంపిస్త. ఎవ్వలకు చెప్పకు. నేను బతికున్నన్ని రోజులు పంపిస్త."

మంచివాడే. అందుకే ఇంకా చేదుగా ఉంది. నలుగురిలో ఇవ్వలేని న్యాయాన్ని చాటుగా దయ చేసి పంపుతానంటున్నాడు.

లచ్చవ్వ దారం తెంపి ముడి వేసుకుంది. "వంతైతే అస్త మామా," అంది. "దానమైతే నాకొద్దు. మీ అవ్వ సుత దానం తీసుకోలే గద. నా పేరు తీసెయ్యుండ్రి."

"గట్లనకు బిడ్డా. నీ పేరు పోతే పొల్లగాండ్లు ఇగ వంతే తీసేస్తరు. నువ్వు ఒక్కదానివే ఉన్నవ్."

"పోనియ్యుండ్రి," అని ఫోన్ పెట్టేసింది.

అంతే. కుర్రవాళ్లు కొట్టెయ్యాలన్నది నిలబెట్టానని నేను మురిసి ఒక్క రోజు గడిచింది. కాపాడతామన్నవాళ్ల చేతుల్లోనే, నా చప్పట్ల మధ్యే ఆ ఆచారం పోయింది. రేపు ఆ తాటివనంలో ఎవడైనా కాలు జారితే అతని ఇల్లాలికి ఏ చెట్టూ ఉండదు. పింఛను ఆఫీసు ఉంటుంది.

లచ్చవ్వ కొత్త కండె ఎక్కించి, నా వైపు చూసింది.

"మేడం, నువ్వు పుస్తకం రాసినవట గద. వంతుకు, దానానికి ఫరక్ రాసినవా గండ్ల?"

"రాశాను," అన్నాను. నిజమే, ఆరో అధ్యాయం మొత్తం అదే. పూర్వుల నుంచి వచ్చింది హక్కు, దాన్ని ఎవరూ దయతలచి ఇవ్వక్కర్లేదు అని.

"మరి గా గదిల గా మాట ఎందుకు చెప్పకపోతివి?"

ఆ మాట నాకు నిన్న నోటిదాకా వచ్చింది. వెళ్లగానే శాలువా కప్పిన మనుషులు, తల్లి కథ చెప్పి కన్నీళ్లు తెప్పించిన పెద్దాయన. వాళ్ల ముందు హక్కు అనే మాట మరీ కటువుగా అనిపించి మింగేశాను.

"పెద్దవాళ్లు నొచ్చుకుంటారేమోనని," అన్నాను.

కరెంటు వచ్చింది, వీధి చివరి నుంచి మగ్గాల మోత ఒక్కొక్కటిగా మొదలైంది. మా దాకా రాకముందే లచ్చవ్వ జవాబు చెప్పింది.

"గాళ్లైతే నొచ్చుకోలే మేడం," అంది.